మోత కావాలా, పికప్ కావాలా: హైదరాబాద్ రోడ్లకు తగ్గ క్యామ్‌షాఫ్ట్ ఎంచుకునే పద్ధతి

క్యామ్‌షాఫ్ట్ అంటే ఇంజిన్ వాల్వులను ఎప్పుడు, ఎంత తెరవాలో తేల్చే షాఫ్ట్. ‘స్టేజ్ 2 క్యామ్ ఉందా’ అని అడిగితే ఏ షాపులోనైనా తీసి ఇస్తారు. స్టేజ్ 2 అంటే ఏమిటో మాత్రం ఏ ఇద్దరూ ఒకేలా చెప్పరు. ఒకరి స్టేజ్ 2 ఇంకొకరి స్టేజ్ 1 కన్నా చిన్నదిగా ఉంటుంది. అందుకే క్యామ్‌ను పేరు చూసి కొనకూడదు, దాంతో వచ్చే కొలతల కార్డు (స్పెక్ కార్డు) చూసి కొనాలి. కార్డే లేని క్యామ్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ఆ కార్డు మీద ఉండే అంకెల్లో కొన్ని పంజాగుట్ట సిగ్నల్ దగ్గర చెవికి వినిపిస్తాయి. ఇంకొన్ని వికారాబాద్ రోడ్డు మీద యాక్సిలరేటర్ తిప్పినప్పుడు తెలుస్తాయి. రెండూ ఒకే అంకెలు కావు. చాలామంది ఐడిలింగ్‌లో గుడగుడ విని, అదే పవర్ అనుకొని డబ్బు పెడతారు. తీరా బిగించాక బండి సిగ్నల్‌లో ఆగిపోతుంది, మూడో గేర్‌లో లాగదు.

వినిపించేది ఒకటి, లాగేది ఇంకొకటి

పిస్టన్ పైకి వచ్చి ఎగ్జాస్ట్ స్ట్రోక్ ముగిసే సమయానికి కాసేపు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరిచి ఉంటాయి. అదే ఓవర్‌ల్యాప్. తక్కువ ఆర్‌పీఎంలో, థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు, ఇన్‌టేక్ వైపు వ్యాక్యూమ్ ఉంటుంది కాబట్టి కాలిన పొగ వెనక్కి సిలిండర్‌లోకి, ఇన్‌టేక్ పోర్టులోకి లాక్కోబడుతుంది. ఆ పొగ కలిసిన మిశ్రమం ఒక సైకిల్‌లో సరిగా మండుతుంది, ఇంకో సైకిల్‌లో సగమే మండుతుంది. అమెరికన్ వీ8 కార్లలో వినిపించే ఆ తూగే ఐడిలింగ్ మోత అదే. ఎనిమిది సిలిండర్లలో ఒకటి రెండు తడబడినా మిగతావి క్రాంక్‌ను తిప్పుతూనే ఉంటాయి కాబట్టి అక్కడ అది చెల్లుతుంది.

పవర్ ఎక్కడ వస్తుందనేది ఎక్కువగా ఇన్‌టేక్ వాల్వ్ ఎప్పుడు మూసుకుంటుందన్న దాని మీద ఉంటుంది. పిస్టన్ కిందికి వెళ్లి మళ్లీ పైకి వస్తున్నా ఇన్‌టేక్ తెరిచే ఉంటే, వేగంగా తిరిగేటప్పుడు గాలి తన ఊపుతో ఇంకా లోపలికి వస్తుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు వచ్చిన గాలి తిరిగి బయటికి పోతుంది. ఆలస్యంగా మూసే క్యామ్ పైన ఇచ్చి కింద తీసుకుంటుందన్నమాట.

ఇంకొకటి ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే చోటు. అది ముందే తెరుచుకుంటే సిలిండర్‌లో ప్రెషర్ ఎక్కువ ఉండగానే పొగ బయటపడుతుంది, దెబ్బ గట్టిగా, పదునుగా వినిపిస్తుంది. దానికి వెల కింది ఆర్‌పీఎం టార్క్‌లో చెల్లించాలి.

లెక్క కష్టమేమీ కాదు. కాగితం, క్యాలిక్యులేటర్ చాలు. ముందు మాటలు తెలియాలి. టీడీసీ అంటే పిస్టన్ పైకొసకు చేరే చోటు, బీడీసీ కిందికొసకు చేరే చోటు. లోబ్ అంటే క్యామ్ మీద వాల్వ్‌ను లేపే ఉబ్బు. డ్యూరేషన్ అంటే వాల్వ్ ఎన్ని క్రాంక్ డిగ్రీల పాటు తెరిచి ఉంటుందో, లిఫ్ట్ అంటే ఎంత లేస్తుందో. సెంటర్‌లైన్ అంటే లోబ్ మధ్య భాగం టీడీసీకి ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో, లోబ్ సెపరేషన్ అంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల మధ్య కోణం.

ఓవర్‌ల్యాప్ = (ఇన్‌టేక్ డ్యూరేషన్ + ఎగ్జాస్ట్ డ్యూరేషన్) ÷ 2 − (2 × లోబ్ సెపరేషన్)

ఇన్‌టేక్ మూసుకునేది, బీడీసీ దాటాక = ఇన్‌టేక్ సెంటర్‌లైన్ + (ఇన్‌టేక్ డ్యూరేషన్ ÷ 2) − 180

ఎగ్జాస్ట్ తెరుచుకునేది, బీడీసీకి ముందు = ఎగ్జాస్ట్ సెంటర్‌లైన్ + (ఎగ్జాస్ట్ డ్యూరేషన్ ÷ 2) − 180

మూడు క్యాములు పక్కపక్కన పెట్టి చూద్దాం. మూడింటికీ లిఫ్ట్ ఒకటే అనుకోండి.

మొదటిది: డ్యూరేషన్ 260/260, లోబ్ సెపరేషన్ 112, ఇన్‌టేక్ సెంటర్‌లైన్ 108. ఓవర్‌ల్యాప్ 36 డిగ్రీలు, ఇన్‌టేక్ మూసుకునేది 58 డిగ్రీల దగ్గర.

రెండోది: డ్యూరేషన్ అదే 260/260, లోబ్ సెపరేషన్ 106, సెంటర్‌లైన్ 108. ఓవర్‌ల్యాప్ 48, ఇన్‌టేక్ మూసుకునేది మళ్లీ 58.

మూడోది: డ్యూరేషన్ 276/276, లోబ్ సెపరేషన్ 114, సెంటర్‌లైన్ 110. ఓవర్‌ల్యాప్ 48, ఇన్‌టేక్ మూసుకునేది 68.

రెండోదీ మూడోదీ ఐడిలింగ్‌లో దాదాపు ఒకేలా తడబడతాయి. కళ్లు మూసుకొని వింటే తేడా పట్టడం కష్టం. కానీ రెండోది మొదటిదానికి దగ్గరి పవర్ బ్యాండ్‌లోనే లాగుతుంది, మూడోది పవర్‌ను పైకి నెట్టేస్తుంది. సిటీలో తిరిగే మనిషి మోత విని మూడోది కొంటే రోజూ కోల్పోయేది కిందిదీ మధ్యదీ పికప్పే. మోత కావాలి, రోజువారీ లాగుడు పోకూడదు అనుకునేవాళ్లు డ్యూరేషన్ పెంచకుండా లోబ్ సెపరేషన్ తగ్గించిన క్యామ్ వెతకాలి. పవర్ కావాలి, ఐడిలింగ్ శుభ్రంగా ఉండాలి అనుకునేవాళ్లు లిఫ్ట్ పెంచి, డ్యూరేషన్ కొద్దిగా పెంచి, లోబ్ సెపరేషన్ వెడల్పుగా ఉంచిన క్యామ్ వెతకాలి. షాపులో ఈ మాట చెబితే కౌంటర్ అవతల మనిషి మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

డ్యూరేషన్ పోల్చేటప్పుడు ఒక మోసం ఉంది. ‘అడ్వర్టైజ్డ్’ డ్యూరేషన్‌ను ఒక కంపెనీ 0.1 మి.మీ. లిఫ్ట్ దగ్గర కొలుస్తుంది, ఇంకొకటి 0.15 మి.మీ. దగ్గర. ఒకే క్యామ్‌కు 10, 15 డిగ్రీల తేడా ఈజీగా వస్తుంది. 1 మి.మీ. లిఫ్ట్ దగ్గరి అంకె గానీ, అమెరికన్ క్యామ్ అయితే 1.27 మి.మీ. దగ్గరి అంకె గానీ అడగండి. ఒకే లిఫ్ట్ దగ్గర కొలిచినవాటినే పోల్చండి.

ముందు మీ ఇంజిన్ ఏదో చూసుకోండి

సింగిల్ సిలిండర్ బుల్లెట్‌కు వీ8 లాంటి తూగే మోత క్యామ్‌తో రాదు. ఉన్నదే ఒక సిలిండర్. అది తడబడితే క్రాంక్‌ను తిప్పేవాళ్లు ఎవరూ లేరు, బండి ఆగిపోతుంది. బుల్లెట్ దుడుదుడు అనేది రెండు చుట్లకు ఒకసారి మండటం, బరువైన ఫ్లైవీల్, తక్కువ ఐడిలింగ్, సైలెన్సర్ లోపలి ఖాళీ, ఇవన్నీ కలిస్తే వచ్చేది. పెద్ద ఓవర్‌ల్యాప్ క్యామ్ వేస్తే బండి ఆగకుండా ఐడిల్ పెంచాల్సి వస్తుంది, ఐడిల్ పెరగ్గానే ఆ దుడుదుడు కాస్తా గరగర అవుతుంది. సింగిల్ మీద మోత కోసం క్యామ్ మార్చడం డబ్బు దండగ. అక్కడ క్యామ్ అంటే పవర్ కోసమే.

పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో ఇన్‌టేక్‌కు ఒకటి, ఎగ్జాస్ట్‌కు ఒకటి విడివిడి క్యాములు. ట్యాపెట్లు (లోబ్ మీద ఆని లేచే ముక్కలు) సాలిడ్, ఆ కదలికను పైన రాకర్‌కు చేర్చే పుష్‌రాడ్ అడ్జస్ట్ చేసుకోవచ్చు. తర్వాత వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజిన్‌లో కూడా రెండు క్యాములే కానీ ట్యాపెట్లు హైడ్రాలిక్, అంటే ఆయిల్ ప్రెషర్‌తో గ్యాప్‌ను అవే సర్దుకుంటాయి. రెండింట్లోనూ టైమింగ్ కవర్ తీస్తే క్యాములు చేతికొస్తాయి, హెడ్ దించాల్సిన పనిలేదు. దించకపోతే స్ప్రింగుల సంగతి చూడటం మర్చిపోతారు, అదే ప్రమాదం. యూసీఈ 350లో కంప్రెషన్ 8.5:1. ఇంత తక్కువ కంప్రెషన్‌తో ఇన్‌టేక్ ఆలస్యంగా మూసే క్యామ్ పెడితే కింద ప్రాణం పోతుంది. స్టాక్ కన్నా 6, 8 డిగ్రీలు దాటించాలంటే పిస్టన్ కూడా మార్చే ఆలోచన ఉండాలి. ఎగ్జాస్ట్ క్యామ్ మీదే ఆటో డీకంప్రెసర్ (స్టార్ట్ చేసేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్‌ను కాస్త తెరిచి భారం తగ్గించే ఏర్పాటు) ఉండే ఇంజిన్లున్నాయి, యూసీఈ 500 అలాంటిదే. కొత్త క్యామ్‌లో అది ఉందో లేదో కొనేముందే చూడండి. లేకపోతే స్టార్ట్ చేసినప్పుడల్లా భారమంతా స్టార్టర్ మీద, దాన్ని ఇంజిన్‌కు కలిపే స్ప్రాగ్ క్లచ్ మీద పడుతుంది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ కొత్త 349 సీసీ జే సిరీస్‌లోనూ, 648 సీసీ ట్విన్‌లోనూ క్యామ్ హెడ్‌లోనే, ఒకే షాఫ్ట్. లోబ్ సెపరేషన్ గ్రైండింగ్‌లోనే ఖాయమైపోతుంది, తర్వాత మార్చలేం. అందుకే ఈ ఇంజిన్లకు కొనేటప్పుడే ఆలోచించాలి. 650 ట్విన్‌కు 270 డిగ్రీల క్రాంక్ ఉంది. ఒకదాని తర్వాత ఒకటి 270, 450 డిగ్రీల తేడాతో మండుతాయి కాబట్టి కంపెనీ నుంచే ఆ తొట్రుపాటు లయ దానికి ఉంది. దాన్ని ఇంకా పైకి తేవడానికి క్యామ్ అక్కర్లేదు, సైలెన్సర్ చాలు. కంప్రెషన్ 9.5:1, సిలిండర్‌కు నాలుగు వాల్వులు. మధ్యస్థంగా ఉన్న క్యామ్‌ను ఇది బాగా అరిగించుకుంటుంది.

కార్ల సంగతికొస్తే పాత జిప్సీ, ఎస్టీమ్‌లలోని 1.3 లీటర్ జీ13 లాంటి ఇంజిన్లలో క్యామ్ మార్చడంలో అర్థముంది. వీవీటీ (ఇంజిన్ నడుస్తుండగానే వాల్వ్ టైమింగ్ మార్చే ఏర్పాటు) ఉన్న కొత్త ఇంజిన్లలో ఓవర్‌ల్యాప్‌ను ఇంజిన్ కంప్యూటర్ అయిన ఈసీయూనే నడిపిస్తుంది. అక్కడ ముందు మ్యాపింగ్ (ఈసీయూ ట్యూనింగ్), ఆ తర్వాతే క్యామ్. మస్టాంగ్ జీటీ ఉన్నవాళ్లయితే క్యామ్ ముట్టుకోకుండానే ఆ మోత తెచ్చుకోవచ్చు. దాని 5 లీటర్ల వీ8లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండు వైపులా క్యామ్ ఫేజింగ్ ఉంది. ఐడిలింగ్‌లో మాత్రం ఓవర్‌ల్యాప్ పెంచి, యాక్సిలరేటర్ తొక్కగానే మామూలు టైమింగ్‌కు వచ్చేలా ట్యూన్ చేస్తారు, దాన్నే ఘోస్ట్ క్యామ్ అంటారు. మోత కోసమే అయితే అంతకన్నా తెలివైన దారి లేదు.

ఒక వారం ఆర్‌పీఎం రాసుకోండి

బండి మీద మీరు నిజంగా ఏ ఆర్‌పీఎంలో ఉంటారో తెలియకుండా క్యామ్ ఎంచుకోవద్దు. ఓబీడీ (ఇంజిన్ డేటా చదివే సాకెట్) ఉన్న బండికి చిన్న డాంగిల్ పెట్టి లాగ్ తీయండి, లేకపోతే మీటర్ కనిపించేలా ఫోన్ బిగించి రికార్డ్ చేయండి. అమీర్‌పేట, మెహదీపట్నం, కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో సగం సమయం ఐడిలింగ్‌కూ 3,000కూ మధ్యే గడుస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ క్యారేజ్‌వే మీదికి టూవీలర్లను రానివ్వరు కాబట్టి బైకు మీద పైఆర్‌పీఎం వాడేది ఆదివారం పూట శ్రీశైలం రోడ్డు మీదో, అనంతగిరి వైపో. వారంలో ఆరు రోజుల బండికి ఒక్కరోజు క్యామ్ పెట్టడం మీ ఇష్టం, తెలిసి పెట్టండి.

లెక్కకు ఒక బండగుర్తు: 1 మి.మీ. దగ్గర డ్యూరేషన్ 10 డిగ్రీలు పెరిగితే పవర్ బ్యాండ్ దాదాపు 400, 500 ఆర్‌పీఎం పైకి జరుగుతుంది. రోజూ తిరిగే బండికి స్టాక్ మీద 6 నుంచి 10 డిగ్రీలు చాలు. వారాంతపు బండికి 12 నుంచి 16. అది దాటితే గేరింగ్, కంప్రెషన్, పోర్టింగ్ అన్నీ కదిలించాలి. లిఫ్ట్ మాత్రం స్ప్రింగులు, పిస్టన్ ఒప్పుకున్నంత పెంచుకోవచ్చు, ఐడిలింగ్‌ను అది పెద్దగా పాడుచేయదు.

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉంది. ఇక్కడ గాలి ప్రెషర్ 5, 6 శాతం తక్కువ, కంప్రెషన్ గేజ్ రీడింగ్, వ్యాక్యూమ్ రీడింగ్, పవర్ అన్నీ ఆ మేరకు తగ్గి కనిపిస్తాయి. చెన్నైలో కొలిచిన అంకెతో పోల్చుకొని గాబరా పడొద్దు. మార్చక ముందు మీ బండి ఇచ్చిన అంకెతోనే పోల్చుకోండి.

కాబట్టి పాత క్యామ్ మీదే మొదటి కొలతలు తీయాలి. ఇంజిన్ వేడిగా ఉండగా, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్. ఐడిలింగ్‌లో వ్యాక్యూమ్. వీలైతే డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద ఒక రన్. మే నెల మధ్యాహ్నం ఒకటి, డిసెంబర్ పొద్దున ఒకటి తీసి పోలిస్తే వచ్చే తేడా క్యామ్‌ది కాదు, వాతావరణానిది. అదే డైనో, దాదాపు అదే వేడి ఉండేలా చూసుకోండి.

కొత్తదా, గ్రైండ్ చేయించినదా

స్టాక్ క్యామ్‌నే గ్రైండ్ చేసి ఇచ్చేవాళ్లున్నారు. తప్పేం లేదు, కానీ ఏం జరుగుతుందో తెలియాలి. గ్రైండింగ్ లోబ్‌కు లోహం కలపదు, బేస్ సర్కిల్ (ఉబ్బు లేని గుండ్రటి భాగం) తగ్గించి లిఫ్ట్ రాబడుతుంది. బేస్ సర్కిల్ 1 మి.మీ. చిన్నదైతే ట్యాపెట్ స్క్రూ ఆ మేరకు కిందికి దిగాలి, హైడ్రాలిక్ అయితే పుష్‌రాడ్ పొడవు పెరగాలి, షిమ్ ఉన్న హెడ్ అయితే మందమైన షిమ్ కావాలి. రాకర్ కోణం కూడా మారుతుంది.

రెండో సమస్య గట్టిదనం. పైపొర మాత్రమే హార్డెన్ చేసిన క్యామ్‌లో గ్రైండింగ్ ఆ పొరను తినేస్తే లోపలి మెత్తటి లోహం బయటపడుతుంది, వెయ్యి కిలోమీటర్లలోపే లోబ్ అరిగిపోతుంది. స్టీల్ క్యామ్ అయితే గ్రైండింగ్ తర్వాత నైట్రైడింగో, మళ్లీ హార్డెనింగో చేయించి హార్డ్‌నెస్ టెస్టర్ మీద చూపించమనండి. రాక్‌వెల్ సీ స్కేల్ మీద 55కు తగ్గితే తిరిగి ఇచ్చేయండి. బాలానగర్, జీడిమెట్ల ఇండస్ట్రియల్ ఏరియాల్లో గ్రైండింగ్, హీట్ ట్రీట్‌మెంట్ చేసే యూనిట్లు దొరుకుతాయి. డయల్ గేజ్, ఫీలర్ గేజ్, వెర్నియర్ లాంటివి రాణిగంజ్‌లో, గ్యాస్కెట్లు, ఓ రింగులు, పుష్‌రాడ్లు పుత్లీబౌలి వైపు.

క్యామ్ ధర చూసి బడ్జెట్ వేయొద్దు. స్ప్రింగులు, గ్యాస్కెట్లు, ఆయిల్, మ్యాపింగ్, డైనో సమయం కలిపితే కనీసం ఇంకో అంత అవుతుంది.

డిగ్రీ వీల్ పెట్టకుండా బిగించొద్దు

మార్కుకు మార్కు కలిపి కవర్ మూసేయడం ఇక్కడి అలవాటు. స్టాక్ క్యామ్‌కు అది సరిపోతుంది. బయటి క్యామ్‌కు సరిపోదు, గేర్ మార్కులో, స్ప్రాకెట్ రంధ్రంలో నాలుగైదు డిగ్రీల తేడా మామూలే.

ముందు అసలు టీడీసీ పట్టుకోవాలి. పాత ప్లగ్ పింగాణీ పగలగొట్టి, అందులో కొస గుండ్రంగా అరగదీసిన బోల్టు వెల్డ్ చేస్తే పిస్టన్ స్టాప్ తయారు. మధ్యలో సన్నటి రంధ్రం పెట్టండి, గాలి పోవడానికి. డిగ్రీ వీల్‌ను (డిగ్రీల గుర్తులున్న చక్రాన్ని) క్రాంక్ కొసకు బిగించి, తీగతో పాయింటర్ చేసి, స్టాప్‌కు పిస్టన్ తగిలేదాకా స్పానర్‌తో మెల్లగా తిప్పండి. స్టార్టర్ ముట్టుకోవద్దు. ఒకవైపు 38 దగ్గర ఆగింది, రెండోవైపు తిప్పితే 42 దగ్గర ఆగింది అనుకోండి. రెండు వైపులా 40 వచ్చేలా పాయింటర్‌ను వంచండి. ఇప్పుడు వీల్ మీది సున్నా నిజమైన టీడీసీ.

స్టాప్ తీసేసి, డయల్ గేజ్ కొసను వాల్వ్ రిటెయినర్ (స్ప్రింగ్‌ను పట్టి ఉంచే మూత) మీద, వాల్వ్ కదిలే దిశకు సరిగ్గా సమాంతరంగా పెట్టండి. వాలుగా పెడితే లిఫ్ట్ తప్పు చూపిస్తుంది. ట్యాపెట్ గ్యాప్ సున్నా చేయండి. హైడ్రాలిక్ ట్యాపెట్ లోపలికి నొక్కుకుపోతుంది కాబట్టి కొలతకు మాత్రం సాలిడ్‌గా మార్చిన పాత ట్యాపెట్ వాడాలి. ఇంజిన్‌ను నడిచే దిశలోనే తిప్పండి. 1 మి.మీ. దాటి పోతే అక్కడి నుంచే వెనక్కి వచ్చి ఆపకూడదు. పావు చుట్టు వెనక్కి తీసుకెళ్లి మళ్లీ ముందుకు రండి, లేకపోతే చైన్ లూజు రీడింగ్‌లోకి వస్తుంది.

ఇన్‌టేక్ టీడీసీకి 10 ముందు 1 మి.మీ. లేచింది, బీడీసీ దాటాక 46 దగ్గర 1 మి.మీ.కి దిగింది. డ్యూరేషన్ 10 + 180 + 46 = 236. అందులో సగం 118, దాంట్లోంచి 10 తీస్తే సెంటర్‌లైన్ 108. కార్డు మీద 106 ఉంటే మీ క్యామ్ 2 డిగ్రీలు ఆలస్యంగా ఉన్నట్టు. 1 డిగ్రీ తేడా వదిలేయొచ్చు, 2 దాటితే సరిచేయాలి. ఒక పన్ను జరిపితే సరిపోతుందని అనుకోవద్దు. 34 పళ్ల క్యామ్ స్ప్రాకెట్‌లో ఒక పన్ను అంటే క్రాంక్ మీద 21 డిగ్రీలు. స్ప్రాకెట్ రంధ్రాలను పొడవుగా ఫైల్ చేసి, సరైన చోట ఉంచి, లాక్‌టైట్ వేసి, సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్‌తో బిగించాలి. సిటీలోనే ఎక్కువ తిరిగే బండికి కార్డు కన్నా 2 డిగ్రీలు ముందుకు పెట్టడం మంచిదే, కింది లాగుడు కాస్త బాగుపడుతుంది.

పిస్టన్‌కు వాల్వ్ తగలకూడదు, స్ప్రింగ్ మూసుకుపోకూడదు

తెరిచిన వాల్వ్‌కు పిస్టన్ అత్యంత దగ్గరగా వచ్చేది టీడీసీ దగ్గర కాదు. ఎగ్జాస్ట్ అయితే టీడీసీకి 5 నుంచి 15 డిగ్రీల ముందు, ఇన్‌టేక్ అయితే 5 నుంచి 15 డిగ్రీల తర్వాత. మెత్తటి చెకింగ్ స్ప్రింగులు వేసి, ఆ పరిధిలో ప్రతి 5 డిగ్రీలకు ఆపి, వాల్వ్‌ను వేలితో పిస్టన్ తగిలేదాకా నొక్కి, డయల్ గేజ్ ఎంత కదిలిందో రాసుకోండి. ఇన్‌టేక్‌కు కనీసం 2 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 2.5 మి.మీ. ఉండాలి. ఎగ్జాస్ట్‌కు ఎక్కువ ఎందుకంటే ఆ వాల్వ్ వేడికి సాగుతుంది, పైగా పిస్టన్ దాన్ని వెనక నుంచి తరుముతుంది. చెకింగ్ స్ప్రింగులు లేకపోతే పిల్లల బంకమట్టిని పిస్టన్ మీద పరిచి, హెడ్ పాత గ్యాస్కెట్‌తో బిగించి, రెండు చుట్లు చేత్తో తిప్పి, ముద్రపడిన చోట కోసి మందం చూడొచ్చు. రెండు వాల్వులూ ఒకదానికొకటి వాలి ఉండే హెడ్‌లలో ఓవర్‌ల్యాప్ సమయంలో వాటి మధ్య ఖాళీ కూడా చూడాలి, 1.5 మి.మీ. తగ్గకూడదు.

స్ప్రింగ్ పూర్తి లిఫ్ట్ దగ్గర ఉన్నప్పుడు చుట్ల మధ్య ఖాళీలన్నీ కలిపి కనీసం 1.5 మి.మీ. మిగలాలి. రిటెయినర్ అడుగుకూ వాల్వ్ సీల్‌కూ మధ్య కూడా అంతే. స్ప్రింగ్ మూసుకుపోతే ముందు పుష్‌రాడ్ వంగుతుంది లేదా రాకర్ విరుగుతుంది. మరీ గట్టి స్ప్రింగులు వేయడం కూడా తప్పే. లోబ్‌ను అవి గీకేస్తాయి, హైడ్రాలిక్ ట్యాపెట్‌ను నొక్కేస్తాయి. క్యామ్ తయారీదారు చెప్పిన సీట్ ప్రెషర్‌కు అటూ ఇటూ పోవద్దు.

వాల్వ్ కొసకు మార్కర్ రంగు పూసి రెండు చుట్లు తిప్పండి. రాకర్ రుద్దిన గీత సన్నగా, మధ్యలో ఉండాలి. అంచుకు జరిగి ఉంటే గైడ్ ఒకవైపే అరుగుతుంది, కొన్ని వేల కిలోమీటర్లలో నీలిపొగ మొదలవుతుంది.

మొదటి స్టార్టు

రోలర్ రాకర్ ఉన్న ఇంజిన్లకు ఇబ్బంది లేదు. ట్యాపెట్ లోబ్ మీద నేరుగా రుద్దుకునే ఇంజిన్లకు మొదటి ఇరవై నిమిషాలే క్యామ్ ఆయుష్షు. లోబ్‌లకు అసెంబ్లీ లూబ్ దట్టంగా పూయండి. స్టార్ట్ అవగానే ఐడిల్‌లో వదలొద్దు. ఐడిలింగ్‌లో లోబ్ మీదికి ఆయిల్ సరిగా చిమ్మదు, స్ప్రింగ్ భారమేమో పూర్తిగా పడుతుంది. 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య మెల్లగా మారుస్తూ ఇరవై నిమిషాలు. ఎయిర్ కూల్డ్ బండి అయితే ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి, పదేసి నిమిషాలు రెండు విడతలుగా, మధ్యలో పూర్తిగా చల్లారనిచ్చి. ఒకటికి రెండు సార్లు కిక్ కొట్టి స్టార్ట్ కాకపోతే ఆగి కారణం వెతకండి, ఊరికే తిప్పుతూ పోతే పూసిన లూబ్ తుడిచిపెట్టుకుపోతుంది.

ఆయిల్ జింక్ ఎక్కువున్నది కావాలి. బైకుకు జాసో ఎంఏ2 (తడి క్లచ్ బైకులకు పనికొచ్చే ఆయిల్ గ్రేడు) రకమే, కార్లకిచ్చే పల్చటి ఎనర్జీ సేవింగ్ ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది.

ఐడిలింగ్, పెట్రోలు, ఈసీయూ

ఓవర్‌ల్యాప్ పెరిగిన ఇంజిన్‌లో కాలని ఆక్సిజన్ నేరుగా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. ఓటూ సెన్సర్ దాన్ని చూసి మిశ్రమం పల్చగా ఉందనుకుంటుంది, ఈసీయూ ఇంకా పెట్రోలు పోస్తుంది. అప్పటికే చాలినంత ఉంది. ఫలితం పచ్చి పెట్రోలు వాసన, నల్లబడిన ప్లగ్, వేడెక్కి పాడయ్యే క్యాటలిటిక్ కన్వర్టర్. ఐడిల్ పరిధిలో క్లోజ్డ్ లూప్ (సెన్సర్ చూసి ఈసీయూ పెట్రోలు సర్దడం) ఆపించాలి లేదా దాని టార్గెట్ మార్చించాలి. మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్ ప్రెషర్ కొలిచే సెన్సర్) మీద నడిచే ఇంజిన్ అయితే ఊగే వ్యాక్యూమ్‌ను చూసి ఈసీయూ ఇంకా గందరగోళపడుతుంది, ఐడిల్‌లో థ్రాటిల్ పొజిషన్ ఆధారంగా మ్యాప్ వేయించడం మేలు. ఐడిల్ స్టాక్ కన్నా 150, 250 ఆర్‌పీఎం పెంచి, ఐడిల్ టైమింగ్ కొన్ని డిగ్రీలు ముందుకు జరిపితే సగం తడబాటు అక్కడే పోతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. 14.7 అనే పాత గాలి, పెట్రోలు నిష్పత్తిని పట్టుకొని ట్యూన్ చేస్తే మిశ్రమం పల్చబడుతుంది. ఈ పెట్రోలుకు సరైన నిష్పత్తి దాదాపు 13.6. మిశ్రమం కొలిచే వైడ్‌బ్యాండ్ మీటర్‌ను ల్యాంబ్డాలో (ఏ పెట్రోలుకైనా సరైన నిష్పత్తిని 1గా చూపే కొలత) పెట్టేసుకుంటే ఈ గొడవే ఉండదు. ఫుల్ థ్రాటిల్‌లో 0.86, 0.88 దగ్గర, ఐడిల్‌లో 0.92, 0.95 దగ్గర మొదలుపెట్టండి. కార్బురేటర్ బండికి వరస ఇదీ: పైలట్ జెట్ ఒక సైజు పైకి, తర్వాత నీడిల్ క్లిప్ ఒక గాడి, అన్నిటికన్నా చివర మెయిన్ జెట్.

కారులో ఇంకో రెండు పరీక్షలున్నాయి. బ్రేక్ బూస్టర్‌కు దాదాపు 380 మి.మీ. మెర్క్యురీ వ్యాక్యూమ్ కావాలి. కొత్త క్యామ్ మీద ఐడిలింగ్ అంతకు తగ్గితే పెడల్ గట్టిపడుతుంది, అప్పుడు వ్యాక్యూమ్ పంపు తప్పనిసరి. రెండోది, ఏసీ ఆన్ చేసి, హెడ్‌లైట్లు వేసి, పది నిమిషాలు ఐడిల్‌లో నిలబెట్టండి. మే నెలలో సిగ్నల్ దగ్గర ఆగిపోయే కారు ఈ పరీక్షలోనే బయటపడుతుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో పెట్రోలు బండి హైడ్రోకార్బన్లను కొలిచేది ఐడిల్‌లోనే. ఓవర్‌ల్యాప్ హైడ్రోకార్బన్లను పెంచేది కూడా ఐడిల్‌లోనే. మోత క్యామ్ ఫెయిలయ్యేది ఇక్కడే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది, మూడు నెలల దాకా జైలూ ఉంది. మార్చిన సైలెన్సర్ల మీద ఇక్కడి ట్రాఫిక్ పోలీసుల డ్రైవ్‌లు తెలిసినవే. వారంటీలో ఉన్న బండి అయితే ఇంజిన్ వారంటీ మీద కూడా ఆశ వదులుకోవాలి.

తేడా కొడితే ఎక్కడ చూడాలి

ఐడిల్ బాగుండి పైన లాగకపోతే ముందు సెంటర్‌లైన్ మళ్లీ కొలవండి, చాలాసార్లు క్యామ్ ముందుకు జరిగి ఉంటుంది. సాలిడ్ ట్యాపెట్ బండి ఐడిల్ మరీ తడబడితే గ్యాప్ 0.05 మి.మీ. పెంచి చూడండి. డ్యూరేషన్, ఓవర్‌ల్యాప్ కాస్త తగ్గుతాయి, క్యామ్ మార్చకుండానే చిన్న క్యామ్ రుచి తెలుస్తుంది. కార్డులో ఇచ్చిన పరిధి మాత్రం దాటొద్దు. హైడ్రాలిక్ బండి పైఆర్‌పీఎంలో ఒక్కసారిగా మొద్దుబారితే ట్యాపెట్ పంప్ అయి వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు. స్ప్రింగ్ మెత్తగా ఉందేమో, పుష్‌రాడ్ పొడవు ఎక్కువైందేమో చూడాలి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపలు వస్తే క్యామ్‌ను తిట్టకముందు బెండ్ పైపు గ్యాస్కెట్ దగ్గర గాలి లీక్ చూడండి.

మొదటి 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి, ఫిల్టర్ కోసి, మడతలు విప్పి ఎండలో చూడండి. సన్నటి మెరుపు పొడి మామూలే. పలుకులుగా, అయస్కాంతానికి అంటుకునే ముక్కలుంటే అదే రోజు కవర్ తెరవాలి. లోబ్ కొస మీద గీతలు, మచ్చలు కనిపిస్తే క్యామ్‌తోపాటు ట్యాపెట్లు కూడా మార్చాలి. పాత ట్యాపెట్ కొత్త లోబ్‌ను తినేస్తుంది. అంతా శుభ్రంగా ఉంటే ట్యాపెట్ గ్యాప్ చల్లటి ఇంజిన్ మీద మరోసారి సరిచూసి, స్ప్రాకెట్ బోల్టుల టార్క్ చెక్ చేసి, కంప్రెషన్ గేజ్ పెట్టండి. పాత రీడింగ్ కన్నా 10 శాతానికి మించి పడిపోతే ఆ క్యామ్ మీ కంప్రెషన్‌కు పెద్దదైపోయినట్టే. పిస్టన్ మార్చడమో, చిన్న క్యామ్‌కు దిగడమో అప్పుడే తేల్చుకోవాలి. ఆటో డీకంప్రెసర్ ఉన్న ఇంజిన్లలో మాత్రం ఈ రీడింగ్‌ను నమ్మలేం, అక్కడ డైనో కాగితమే చూడాలి.